ముందు మాట

శుక్రవారం, ఫర్వానియాలో
దర్జీ అంగడి పైన రెండో అంతస్తు.
ఏసీ కింద బకెట్టు, బకెట్లో టప్పు టప్పు.
పదకొండు మందిమి, ఒక మంచం,
మంచం మీద ఒక ప్లాస్టిక్ మనిషి.
ఎడమకాలు మర ఊడిపోయి
తిప్పినప్పుడల్లా మా చేతికొస్తాది.

ఏలికుట్టి సిస్టరు ముప్పైయేండ్లు ఆస్పత్రిలో నిలబడి
వాచిన మోకాళ్ళతో కుర్చీలో కూచుని చెప్తాది,
సగం హిందీ, సగం అరబ్బీ, కోపమొస్తే మలయాళం:
నీళ్ళు మోచేత్తో చూడు, వేలితో కాదు.
చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు,
విప్పేటప్పుడు అదే ఆఖరు.
మొదటి ముద్ద గొంతు దిగిందాకా రెండో ముద్ద లేదు.
కుర్చీకి బ్రేకు వెయ్యకుంటే నిన్ను ఇంటికి పంపిస్తా.

మేం రాసుకుంటాం.
రాయడం రాని మస్తానమ్మ
వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటాది.

జిలానీ బీ వంతు వచ్చింది. ఒళ్ళు తుడవాల.
గుడ్డ నీళ్ళలో ముంచకముందే
బొమ్మ నడుము మీద తువ్వాలు కప్పింది,
తలుపు పక్క చూసి, తెర లాగింది.
ఓబులేసు కిసుక్కుమన్నాడు.
సిస్టరు నవ్వలేదు.
"ఇది నేను నేర్పలేదే" అని
మార్కుల కాగితంలో ఏదో రాసింది.

"రెండు గంటలకోసారి పక్క తిప్పాల. ఎందుకు?"
నా నోరు ఊరుకోలేదు.
కోడూరులో లారీలకు బొప్పాయి కట్టినదాన్ని సిస్టర్,
పేపరు చుట్టి, గడ్డి పరిచి.
ఒకే పక్క ఆనించి వదిలేస్తే
పైకి నవనవలాడతానే ఉంటాది,
కింద వేలు పెడితే లోపలికి దిగబడతాది.
సిస్టరు కాసేపు నా పక్కే చూసింది.
"మడమ, పిర్ర, మోచెయ్యి. మనిషి ఆనేది ఆడే" అంది.
ఆ పొద్దు నుంచి క్లాసులో నా పేరు పపాయా.

మూడో శుక్రవారం బొమ్మను మూలకు నెట్టి
నన్ను పండుకోమంది.
కండ్లకు గంతలు. నోరు మెదపకూడదు.
కుడిచెయ్యి నీది కాదనుకో.

ఎవరో వచ్చినారు. చెప్పులు విడిచిన చప్పుడు.
ఉన్నట్టుండి భుజం కింద ఒక చెయ్యి,
తుంటి కింద ఇంకోటి,
గోతాన్ని దొర్లించినట్టు దొర్లించినారు.
గుండె నోట్లోకొచ్చింది.
మంచం యాడ అయిపోతాదో తెలీదు.
ఎవరి చేతులో తెలీదు.

తప్పు, అంది సిస్టరు గొంతు.
"ముందు మాట, తర్వాత చెయ్యి. మళ్ళీ."

"అక్కా, నేను మస్తానమ్మను.
నీ ఎడమ భుజం పట్టుకుంటాండా.
ఇప్పుడు గోడ పక్కకు తిప్పుతా. ఒకటి, రెండు..."
అంతే. అదే ఒళ్ళు, అవే చేతులు.
కానీ ఈసారి
నేను కూడా తిరిగినాను.

ఆ తర్వాత కాళ్ళు కడిగినారు, గోరువెచ్చగా,
వేళ్ళ సందులు ఒక్కోటే.
తొమ్మిదేండ్లుగా ఆ ఇంట్లో
నేను ముట్టుకోని ఒళ్ళు లేదు,
చంటి పిల్లోళ్ళవి, ముసలామెది.
నన్ను ముట్టుకున్నది ఎవరా అని ఆలోచిస్తే
అకామా మెడికల్లో రక్తం తీసినాయన.
గంతలు తడిసినాయి. మాట్లాడకూడదు గదా,
మాట్లాడలేదు.

శనివారం, సాల్మియా.
పెద్ద మామా గది, మేడం వాళ్ళమ్మ.
ఊదు వాసన, దాని కింద మందుల వాసన.
నాలుగేండ్లుగా ఆ చేతిని ఎత్తినాను, దించినాను,
పూలకుండీ జరిపి బల్ల తుడిచినట్టు,
చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కుకుని.

ఈపొద్దు మంచం పక్కన కూచున్నా.
మామా, నేను. నీ చెయ్యి ఎత్తుతాండా. శ్వయ్ శ్వయ్.
అరబ్బీలో తప్పో ఒప్పో.
ఎత్తినాను.
ముసలామె కండ్లు తెరిచింది.
పెదవి ఒక పక్కే కదిలింది:

"బారిద్."

చల్లగా ఉండాయంట, నా చేతులు.
నాలుగేండ్లూ చల్లగానే ఉన్నాయేమో,
ఎవరడిగినారు.

రెండు చేతులూ రుద్దుకుంటా నిలబడినాను.
ఆమె ఎదురుచూస్తాంది.